అంచు చెరిగిన గిన్నె

ఏనుగుల వరద వచ్చిన రెండో ఏడు అది.

ఆ వరదలో మేఘవాహిని నది కంకణపురం కోటగోడ దూకి, గజశాలను గొలుసులతో సహా ఊడ్చుకుపోయింది. ఆ తరవాత ఆ దేశంలో ఏ సంగతి చెప్పినా ఏనుగుల వరదకు ముందనో వెనకనో చెప్పుకోవడమే. గాదెల్లో ధాన్యం మురిగింది. పొలాల మీద మోకాటి లోతు ఇసుక మేట వేసింది. జనం దుంపలు తవ్వుకు తింటూంటే చూడలేక రాజు విజయకేతుడు ఒకనాడు కిరీటం తీసి పక్కన పెట్టాడు.

నది సముద్రంలో కలిసే మొగలో ధూమ్రదుర్గం ఉంది. అందులో ఉండే మాంత్రికుడు ధూమ్రకంఠుడు రేవు రేవుకూ చాటింపు వేయిస్తున్నాడు. తన దగ్గరున్న పింగాణి గిన్నెల్లో ఒకటి ఉదయద్వీపంలో చేత్తో బొమ్మ వేసిన పాతకాలపు గిన్నె అట. మిగతావి నకిలీలట. అసలుదాన్ని ఏరి దాని వెల కట్టినవాడికి ఓడకు పట్టినంత బంగారమట. ఆ బంగారం తెచ్చి ప్రజల కడుపు నింపాలని విజయకేతుడు వర్తకుడి వేషం కట్టి పడవ ఎక్కాడు. వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు అతడి తమ్ముడు అమరకేతుడు అదే దారి పట్టాడు. తలకు పెద్ద పాగా, చెవులకు పోగులు, నుదుట గంధం బొట్టు పెట్టుకుని కోటిసెట్టి అని పేరు మార్చుకున్నాడు. వెనకాల, కొన్న పింగాణి పగలకుండా సర్దడానికి గడ్డి నింపిన తట్ట నెత్తిన పెట్టుకుని తిప్పన్న. తిప్పన్న రాజుగారి పడవ సరంగు. వాడు సముద్రానికి తప్ప దేనికైనా భయపడతాడు.

అమరకేతుడికి పింగాణి సంగతి కొత్త కాదు. చిన్ననాడు ఓడ పగిలి ఉదయద్వీపం ఒడ్డున పడ్డాడు. అక్కడ గిన్నెల మీద బొమ్మలు వేసే ముసలాయన ఒకడు చేరదీశాడు. ఆయన దగ్గర రంగులు నూరుతూ, గిన్నెలు కాల్చే ఆవానికి కట్టెలు మోస్తూ మీసం వచ్చేదాకా పెరిగాడు. అన్న వెతుక్కుంటూ వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. ఆ అన్న కోసమే ఇవాళ ఈ రాక.

నల్లరాతి దుర్గం నీళ్ళలోంచి పొడుచుకొచ్చిన కోరలా ఉంది. బురుజుల మీద నాచు ముదిరి మొసలి వీపులా గరుకెక్కింది. గోడ గోడకూ వరద మట్టి గీత మనిషి నిలువు ఎత్తున ఎర్రగా మిగిలిపోయింది. అన్నిటికన్నా ఎత్తైన బురుజు మీద ఒక రాబందు కూర్చుని ఉంది. దాని ముక్కు ఇనుముది. అది పడవ వంక చూసి రెక్క ఒకటి విప్పి, మళ్ళీ ముడుచుకుంది.

“ఆ పిట్ట మనల్ని లెక్కెట్టుకున్నాది బాబూ,” అన్నాడు తిప్పన్న మెల్లిగా.

“సెట్టి అను. బాబు అనకు.”

“సెట్టిగారూ, మరి నేను పడవలోనే ఉండిపోతే బాగుంటాదేమో. తాడు ఎవడైనా కోసేత్తే?”

అమరకేతుడు ఒప్పుకున్నాడు. తట్ట తానే ఎత్తుకుని మెట్లెక్కాడు.

సభామంటపానికి తూర్పువైపు గోడ లేదు. నేల అంచు నుంచి నేరుగా సముద్రమే. లోపల ఎర్రని పట్టు పరుపుల మీద ధూమ్రకంఠుడు కూర్చుని ఉన్నాడు. నూనె రాసిన జుట్టు, పసుపుపచ్చని ముఖం, పాతికేళ్ళ పెళ్ళికొడుకులా ఉన్నాడు. నోరు విప్పితే మాత్రం గొంతులోంచి సన్నగా పొగ వస్తుంది. చేతులు రెండూ పొడవాటి చేతుల చొక్కాలో దాచుకుని ఉన్నాడు.

అతడి కుడిపక్క చందనపు అర మీద గిన్నెలు వరసగా ఉన్నాయి. ఎంత అందమైనవంటే, చూసినవాడికి ఒక్క క్షణం ఊపిరి ఆడదు. పాలమీగడ లాంటి తెలుపు. దాని మీద నీలిరంగు కెరటాలు లేచి, నురగలు వేళ్ళలా వంకర తిరిగి ఉన్నాయి. కెరటాల పైన కుంకుమ ఎరుపు ఆకులు రాలుతున్నాయి. వాటి మధ్య బంగారు కొంగ ఒకటి మెడ సాచి ఎగురుతోంది. అంచు చుట్టూ బంగారు కట్టు. అన్ని గిన్నెల మీదా అదే కెరటం, అదే ఆకు, అదే కొంగ.

ఎడమపక్క అర మీద గిన్నెలు వేరు. వాటి మీద కెరటాలు లేవు. ఒక్కో గిన్నె మీద ఒక్కో మనిషి బొమ్మ. ఒకడు చేతులు జోడించి ఉన్నాడు. ఒకడు పారిపోతూ వెనక్కి చూస్తున్నాడు. కుంచె గీత ఒక్కటీ కనబడని, మరీ జీవం ఉన్న బొమ్మలు.

వరస చివర గిన్నె మీద మనిషికి ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. చిన్నప్పుడు విల్లు లాగబోయి అమరకేతుడే తెంపిన అన్న చెవి అది.

అతడు చూపు తిప్పుకున్నాడు. తట్ట కింద పెట్టడానికి వంగి, ముఖం కాస్త సేపు గడ్డి మీదే ఉంచాడు.

ధూమ్రకంఠుడు షరతు చెప్పాడు. కుడి అర మీద గిన్నెల్లో అసలుదేదో చెప్పి వెల కట్టాలి. తాను అందులో నీళ్ళు పోసుకుని తాగుతాడు. అసలుదైతే ఆ నీళ్ళే చెబుతాయి. కాకపోతే సెట్టి ఎడమ అర మీదికి వెళతాడు. మొదట చాలా గిన్నెలు ఉండేవట, ఏనుగుల వరద నీళ్ళు మంటపంలోకి వచ్చి అన్నీ కలిసిపోయాయట. ఒకటి కొట్టుకుపోయిందట కూడా.

“పోయింది అసలుదేమో దొరా,” అన్నాడు అమరకేతుడు.

మాంత్రికుడు నవ్వాడు. పొగ ముక్కుల్లోంచి కూడా వచ్చింది. “అసలుది పోతే ఈ ముచ్చట నీతో చెప్పడానికి నేను ఉండను సెట్టీ. పోయింది నకిలీయే.” మాట జారిందని తెలిసి వెంటనే పెదవి బిగించాడు. తరవాత ఎడమ అర వైపు గడ్డం ఎత్తి చూపాడు. “అదిగో, నోరు తెరుచుకుని ఉన్నాడే, ఆయన అన్నీ నకిలీలే అన్నాడు. ఆ మాట కూడా నా దగ్గర పనికిరాదు.”

అమరకేతుడు మొదటి గిన్నె తీసుకున్నాడు. గోటితో అంచు మీద కొట్టాడు. గంటలా మోగింది. ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ ఒకే స్వరం. కెరటాల మీద బొటనవేలు రాశాడు. నున్నగా ఉన్నాయి. అది సరే. నీలిరంగు గాజుపూత కింద ఉంటుంది కనక వేలికి తగలదు. ఆకుల మీద రాశాడు. అక్కడా నున్నగానే ఉంది. ఎరుపు, బంగారం పూత పైన వేసేవి. ఆవంలో మళ్ళీ సన్నని సెగ పెట్టి నిలబెట్టేవి. గోరుకు పట్టి తీరాలి. గిన్నె తిరగేశాడు. అడుగంతా గాజుపూతే. మట్టి గిన్నె ఆవంలో దేనిమీదో ఒకదాని మీద నిలబడాలి గదా. నిలబడ్డ చోట పూత ఉంటే అంటుకుపోతుంది. అందుకే అసలు గిన్నెకు అడుగున చుట్టూ బోసి మట్టి గీత ఉంటుంది, ఇసుక రేణువులు పట్టుకుని, పిల్లి నాలుకలా. వీటికి అది లేదు. ఇవి ఏ ఆవంలోనూ నిలబడలేదు. అర మీద ఉన్న గిన్నెను ఎదురుగా చూసి మంత్రంతో పుట్టించినవాడు ఎన్నడూ దాన్ని తిరగేసి చూడలేదు.

ఇంకో సంగతి. వరద మట్టి పట్టిన గిన్నెలను ఎవరో బూడిదతో తోమి ఉంటారు. తోముడుకు మొదట పోయేది బంగారమే. ఇక్కడ ఒక్క కొంగ రెక్కా మాయలేదు.

అసలు గిన్నె ఈ అర మీద లేదు. ఏది చూపించినా చావే. లేదన్నా చావే.

“ఏదీ?” అన్నాడు ధూమ్రకంఠుడు. రాబందు మంటపం దూలం మీదికి వచ్చి వాలింది.

అమరకేతుడు గిన్నెను యథాస్థానంలో పెట్టి, పైపంచెతో చేతులు తుడుచుకున్నాడు. సాయంకాలపు వెలుతురులో పింగాణి వెల కట్టే వర్తకుడు గాడిదలు కాసుకోవాలన్నాడు. తూర్పు ఎండలో గిన్నె ఎత్తి పడితే అవతలి వేళ్ళ నీడ ఇవతల ఎంత కనబడితే అంత వెల అన్నాడు. పొద్దున చెబుతానన్నాడు. మాంత్రికుడి కళ్ళు చిన్నవయ్యాయి. అతడు బెదిరించబోయేలోగా అమరకేతుడు భుజం మీది తుండుగుడ్డ విప్పి ఇద్దరి మధ్యా పరిచాడు. సముద్ర వర్తకుల్లో వెల నోటితో చెప్పరు. గుడ్డ కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కి చెబుతారు. బేరం రేపటికి ఖాయమని ముందునాడు ఒకసారి చెయ్యి కలపడం కూడా మర్యాదే.

మాంత్రికుడు తటపటాయించాడు. వర్తకుడి మర్యాద కాదంటే వర్తకుడు వెళ్ళిపోతాడు. చివరికి గుడ్డ కిందికి చెయ్యి పెట్టాడు.

అమరకేతుడు ఆ చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడకుండా ఉండటానికి దవడ బిగించాడు. అది శొంఠి కొమ్ము. ఎముక మీద ఎండిన తోలు, గోళ్ళు పీచు. ముఖం పాతికేళ్ళది, చెయ్యి నూరేళ్ళు దాటింది. ఇందాక వీడు జారిన మాట అప్పుడు అర్థమైంది. వీడి ప్రాణం ఆ అసలు గిన్నెలో ఉంది. ఏటేటా అందులో నీళ్ళు తాగి వీడు వయసు ఆపుకుంటూ వచ్చాడు. వరద తరవాత ఆ గిన్నె ఏదో వీడికే తెలియలేదు. నకిలీలో తాగితే ముసలితనం ఇంకాస్త ఎక్కుతుంది కాబోలు, అందుకే తానే అన్నీ తాగి చూడక వర్తకులను పిలిచాడు. చేతుల దగ్గర మొదలైన ముసలితనం ముఖానికి చేరేలోగా వీడికి అది దొరకాలి.

“పొద్దున్నే,” అన్నాడు ధూమ్రకంఠుడు, చెయ్యి లాక్కుంటూ. “సూర్యుడు నీళ్ళలోంచి పూర్తిగా లేచేలోగా చెప్పాలి.”

అతిథి గది మంటపం కిందనే ఉంది. కిటికీకి ఇనుప చువ్వలు. గుమ్మం బయట కాపలా. కాసేపటికి ఒక ముసలామె అన్నం పళ్ళెం తెచ్చింది. ఆమె పేరు సంకమ్మ. వరదకు ముందే ఎప్పుడో చేపలు అమ్ముకోవడానికి వస్తే మాంత్రికుడు పట్టి వంటింట్లో పడేశాడట. కూలబడి, కాళ్ళు చాపుకుని, అన్నం తినేదాకా తానే మాట్లాడింది. గిన్నెలు ఎవరు తోమారని అమరకేతుడు మాటల మధ్య అడిగాడు. ఆమె ఆ ప్రశ్న విననట్టే మాట మార్చేసింది. ఆకు వక్క పెడతానని ఒడిలోంచి తమలపాకులు తీసి, పక్కనున్న సున్నం గిన్నెలో వేలు ముంచింది.

సున్నం గట్టిపడి పొరలు పొరలుగా పేరుకుని, లోపలా బయటా తెల్లని కట్టు కట్టిన చిన్న గిన్నె. సుద్దముద్దలా ఉంది. అమరకేతుడు చూపు దాటించబోయి ఆగాడు. సంకమ్మ దాన్ని నేల మీద పెట్టినప్పుడు గరగరమని చప్పుడైంది. గాజుపూత అడుగు రాతి మీద పెడితే టక్కుమంటుంది. గరగరమనేది బోసి మట్టి.

“ఇలా ఇయ్యి అవ్వా.”

“సున్నం నేను రాసిత్తాను గదా నాయనా.”

“ఇయ్యి.”

తిరగేసి చూశాడు. అడుగున చుట్టూ బోసి గీత, అందులో ఇసుక రేణువులు, మధ్యలో, ఆవంలో గిన్నెను ఎత్తి నిలిపే మట్టి ముళ్ళు ఆనిన చిన్న మచ్చలు. గోటితో ఒక చోట సున్నం పొర లేపాడు. కింద నీలి కెరటం. ఇంకాస్త లేపాడు. ఎర్రని ఆకు. గోరుకు పట్టింది. ఆకు మొదట రంగు ముద్దగా దిగి, కొస దగ్గర కుంచె ఎండి చారలు తేలింది. పక్క ఆకు దానికన్నా పొట్టి. వేసిన చెయ్యి అక్కడ ఒక్కసారి ఆగి మళ్ళీ రంగులో ముంచిన జాడ. ఉదయద్వీపంలో ముసలాయన కూడా అంతే, ప్రతి ఆకు ముందూ ఒకసారి ఊపిరి బిగపట్టేవాడు. కొంగ మాత్రం లేదు. బంగారమంతా పోయింది. అడుగు మడతలో, బూడిద అందని చోట, దారం మందం మెరుపు మిగిలింది.

సున్నం ఇంకాస్త లేపుదామని గోరు గట్టిగా గీశాడు.

పైన మంటపంలో ధూమ్రకంఠుడు కెవ్వుమన్నాడు.

అమరకేతుడూ సంకమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. వస్తున్నాడు. అమరకేతుడు వేలితో సున్నం తీసి గీసిన చోటల్లా పులిమాడు. ఆ గిన్నె ముసలామె ఒడిలోకి తోసి, చేతిలో ఉన్న ఆకును చుట్టి నోట్లో కుక్కుకున్నాడు. ఆకుకు సున్నం మోతాదు మూడు రెట్లు పడింది. నాలుక మండిపోయింది.

తలుపు తన్ని మాంత్రికుడు లోపలికి వచ్చాడు. ఒక చేత్తో వీపు పట్టుకుని ఉన్నాడు.

“ఏం చేస్తున్నారిక్కడ?”

అమరకేతుడు నోరు చూపించాడు, తాంబూలం అన్నట్టు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

“ఇప్పుడు ఎవరో నా వెన్ను మీద కత్తితో గీసినట్టయింది. ఈ దుర్గంలో ఎవడో ఏదో ముట్టుకున్నాడు.” గది నాలుగు మూలలూ చూశాడు. తట్టలో గడ్డి పీకి పారేశాడు. పళ్ళెం తన్నాడు. సంకమ్మ ఎదుట వంగి, ఒడిలో గిన్నె వంక చూశాడు. అమరకేతుడి చెయ్యి మెల్లగా నడుములో బాకు దగ్గరికి వెళ్ళింది.

సంకమ్మ తల ఎత్తలేదు. “దొరకు రెండేళ్ళ నించీ ఈ చురచుర ఉన్నదే గదా. పొద్దున్నా సాయంత్రం ఒళ్ళంతా సున్నం పెట్టినట్టు మండుతున్నాదని తవురే అంటారు. వేడి చేసింది. ఒక ఆకు వేసుకోండి, సల్లబడతాది.”

ఆకు మీద సున్నం రాసి అందించింది. ధూమ్రకంఠుడు అది నములుతూ, చాల్లేదని తానే గిన్నెలో వేలు ముంచుకుని నాలుకకు రాసుకున్నాడు. రాసుకుంటూనే భుజం గోక్కున్నాడు. ఉమ్మి, సెట్టిని మరోసారి చూసి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అడుగుల చప్పుడు ఆగేదాకా ఇద్దరూ కదల్లేదు. తరవాత సంకమ్మ పైటచెంగు నోట్లో కుక్కుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. వరద తీశాక గిన్నెలన్నీ తననే తోమమన్నాడట. చింతపండూ బూడిదా పెట్టి తోమితే అన్నీ తళతళలాడాయి, ఒక్కదాని బంగారం మాత్రం ఆమె చేతికి వచ్చేసింది. పూత చెడగొట్టానని చంపేస్తాడని దాన్ని దాచి, కొట్టుకుపోయిందని చెప్పింది. ఎదురుగా ఉన్నదాన్ని ఎవడూ వెతకడని సున్నం గిన్నె చేసుకుంది. అది అతడి ప్రాణమని ఆమెకూ ఇప్పుడే తెలిసింది.

“పగలగొట్టేద్దారి నాయనా,” అంది.

ఎడమ అర మీది మనుషుల సంగతేమిటని అడిగాడు అమరకేతుడు. సంకమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మాంత్రికుడు నోటి పొగ ఊది వాళ్ళను బొమ్మలు చేశాడని, తన చేత్తో నీళ్ళు చల్లితేనే వాళ్ళు మళ్ళీ మనుషులవుతారని, ఒకసారి కల్లు తాగినప్పుడు అతడే వాగాడని చెప్పింది. ఆ చెయ్యి చస్తే వాళ్ళు ఎప్పటికీ గిన్నెలే.

అమరకేతుడు గిన్నె వంక చాలాసేపు చూశాడు. బద్దలు కొట్టడం ఎంతో తేలిక. అన్న చీలిన చెవి కళ్ళముందు నిలిచింది.

“అవ్వా, దీన్ని ఈ రాత్రికి నాకియ్యి. పొద్దున తిప్పన్న పడవలో నీకు చోటుంటుంది. నువ్వు ఇందాక చెప్పిన, రేవులోకి దిగే చేపల గేటు తాళం నీ దగ్గరుందా?”

“వంటింటిదాన్ని. అన్ని తాళాలూ నా దగ్గరే.”

సూర్యుడు నీళ్ళలోంచి అంచు పైకెత్తుతూండగా అమరకేతుడిని మంటపంలోకి తెచ్చారు. సముద్రం కరిగిన రాగిలా ఉంది. కుడి అర మీద గిన్నెలు ఎర్రని ఎండలో మండుతున్నట్టున్నాయి. రాబందు దూలం మీద మెడ సాచి కూర్చుంది. ధూమ్రకంఠుడి కణతల దగ్గర వెంట్రుకలు నిన్న నల్లగా ఉన్నవి ఇవాళ నెరిశాయి.

అమరకేతుడు నేల అంచుకు దగ్గరగా, కింద రాళ్ళ మీద కెరటాలు విరిగే చోట కూర్చున్నాడు. తుండుగుడ్డ ఒళ్ళో పరిచి, రెండు చేతులూ దాని కింద పెట్టాడు.

“ఏది?”

“వెల ముందు చెబుతాను దొరా. గిన్నె తరవాత చూపిస్తాను. చెయ్యి పెట్టండి.”

మాంత్రికుడు జరిగి వచ్చి గుడ్డ కిందికి చెయ్యి దూర్చాడు. వేళ్ళు తగులుతాయనుకున్న చోట అతడికి చల్లని గుండ్రని అడుగు తగిలింది. పిల్లి నాలుకలా గరుకు. ఆ గరుకు తాకిన మరుక్షణం అతడి వెన్నుపూస అడుగునుంచి మెడదాకా వణికింది. ముఖంలో నెత్తురు పోయింది. గొంతులో పొగ సుడి తిరిగి నోటిదాకా వచ్చింది.

“ఊదకండి,” అన్నాడు అమరకేతుడు. గుడ్డ లాగేశాడు. సున్నం కడిగిన గిన్నె అతడి అరచేతిలో, నేల అంచు దాటి గాలిలో ఉంది. “నేను బొమ్మనైపోతే చేతులుండవు. చేతులు లేకపోతే ఇది నిలబడదు. కింద రాళ్ళున్నాయి.”

పొగ వెనక్కి పోయింది. ధూమ్రకంఠుడు కదలకుండా కూర్చున్నాడు. సంకమ్మ సున్నం గిన్నె గుర్తొచ్చి, అతడి నాలుక తనంతట తాను బయటికి వచ్చి పెదవి తడిమింది.

“ఇదీ ఉదయద్వీపపు గిన్నె,” అన్నాడు అమరకేతుడు. “చేత్తో వేసినది. బంగారం పోయింది, అందుకు వెల కొంత తగ్గించాలి. నెత్తురు, అన్నం, సున్నం అన్నీ చూసింది, అందుకు కొంత పెంచాలి. మొత్తం మీద దీని వెల ఆ అర మీద ఉన్నవాళ్ళందరూ. ఒక్కరు తగ్గినా బేరం లేదు.”

మాంత్రికుడు లేచాడు. ఒక్క అడుగు తప్పుగా వేస్తే గిన్నె కాస్త వంగేది. అది వంగితే అతడూ వంగేవాడు. వెండి చెంబు తీసుకుని ఎడమ అర దగ్గరికి వెళ్ళి నీళ్ళు చల్లాడు. మొదటి గిన్నె బుస్సుమని పొగ కక్కి, అందులోంచి గడ్డం మాసిన వర్తకుడు ఒకడు నేల మీద పడి దగ్గాడు. తరవాత నోరు తెరుచుకుని ఉన్నాయన. పడీ పడగానే ‘అన్నీ నకిలీలే’ అన్న మాట పూర్తి చేశాడు. ఒక్కొక్కరే దబ్బున పడుతూ, లేస్తూ, తలపాగాలు వెతుక్కుంటున్నారు. అమరకేతుడు వాళ్ళను చేపల గేటు దారి పట్టమని కసిరాడు. అక్కడ సంకమ్మ తలుపు తీసి పిలుస్తోంది. మంటపం ఖాళీ అవుతోంది.

అర మీద చివరి గిన్నె మిగిలింది. చెవి చీలిన మనిషిది.

ధూమ్రకంఠుడు చెంబు వంచలేదు. గిన్నెను తీసి రొమ్ముకు పెట్టుకున్నాడు. “మిగతావాళ్ళను చూసినప్పుడు నీ కన్ను కదల్లేదు. దీన్ని చూసినప్పుడు కదిలింది. వీడు నీకేమవుతాడు సెట్టీ?”

అమరకేతుడు చేతిలోని గిన్నెను రాళ్ళ మీదికి మరో వేలెడు జరిపాడు.

“సరే. వెల కట్టడం నాకూ వచ్చు,” అని మాంత్రికుడు ఈల వేశాడు. రాబందు దూలం మీదినుంచి రాయిలా పడి, ఇనుప ముక్కుతో గిన్నెను అంచు పట్టుకుని, తెరిచి ఉన్న తూర్పువైపు నుంచి ఎగిరిపోయింది. రెక్కల గాలికి మంటపంలో పట్టు తెరలు చిరిగాయి. “నువ్వు దాన్ని పగలగొడితే నేను చస్తాను. నేను చస్తే వీడికి నీళ్ళు చల్లే చెయ్యి ఉండదు. తీసుకుపో. జాగ్రత్తగా పట్టుకుని తిరుగు. నువ్వు ఇప్పుడు నా కాపలావాడివి.”

ఆ మాట అర్థంకాని కాపలాదారులు ఈటెలు దించి చుట్టుముట్టారు. అమరకేతుడు గిన్నెను పాగాలో చుట్టి, పాగాను కడుపుకు బిగించి కట్టి, నేల అంచు మీదినుంచి దూకాడు. రాళ్ళకు మూరెడు అవతల నీళ్ళలో పడ్డాడు. కెరటం ఒకసారి బండకేసి విసిరితే కడుపు ముడుచుకుని వీపుతో కాచుకున్నాడు. వీపు చీరుకుపోయింది. పైన దుర్గంలో ధూమ్రకంఠుడు కూడా అదే క్షణాన భయంతో అరిచాడు. ఈటెలు వేయవద్దని తన మనుషులమీదే కేకలు పెట్టాడు.

తిప్పన్న చుక్కాని పట్టుకుని పడవను రాళ్ళ దగ్గరికి తెచ్చాడు. జుట్టు పట్టి లోపలికి లాగాడు. పడవ నిండా దగ్గుతున్న వర్తకులు. మధ్యలో సంకమ్మ, ఒళ్ళో తమలపాకుల మూట.

“పెద్దబాబు ఏరీ?” అన్నాడు తిప్పన్న.

అమరకేతుడు తూర్పువైపు చూపించాడు. ఎండలో నల్లని చుక్కలా రాబందు ఎగురుతోంది. దాని ముక్కు దగ్గర తెల్లని మెరుపు. ఆ దిక్కున ఉన్నది ఉదయద్వీపమే.

అతడు పాగా విప్పాడు. గిన్నె చెక్కు చెదరలేదు. దాన్ని సంకమ్మ చేతికి ఇచ్చాడు.

“అవ్వా, ఇందులో సున్నం తడి ఆరనియ్యకు. మంచి ఘాటుగా కలుపు. వాడి ఒళ్ళు మండితే, వాడి మంత్రంతో ఎగిరే ఆ పిట్టకూ రెక్క ఆడదు.”

సంకమ్మ మూటలోంచి పొడి సున్నం తీసి, సముద్రపు నీళ్ళు రెండు దోసిళ్ళు పోసి వేలితో గట్టిగా రుద్దింది. వెనకాల దుర్గంలోంచి ఒక అరుపు నీళ్ళ మీదుగా వచ్చింది. ముందు ఆకాశంలో రాబందు ఒక రెక్క ఎగరేసి, తడబడి, కాస్త కిందికి దిగింది.

“ఇంకొంచెం,” అన్నాడు అమరకేతుడు. తెడ్డు అందుకుని పడవను పిట్ట వెనకాలే తిప్పాడు.